మిల్లు లెక్కలు రాస్తే నష్టం ఎక్కడుందో తెలుస్తుంది: గోదావరి డెల్టాలో చిన్న రైస్ మిల్లులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు సూచనలు

గోదావరికి వరద వస్తోందంటే డెల్టాలో ప్రతి ఇంట్లోనూ ఒకే మాట వినిపిస్తుంది: "ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులు?" 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు లంక గ్రామాల్లో చదువు రాని ముసలమ్మకు కూడా తెలుసు. ఏ అంకెకు పశువులను గట్టుకు తోలాలో, ఏ అంకెకు సామాను మూట కట్టాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

డేటా విశ్లేషణ అంటే కంప్యూటరు వాళ్ల పని అనుకుంటాం. నిజానికి ధవళేశ్వరం కొలబద్ద చేసేది అదే. రోజూ ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలవడం, పాత అంకెలతో పోల్చడం, ఫలానా గీత దాటితే ఫలానా పని చేయాలని ముందే అనుకోవడం. ఈ మూడూ ఉంటే అది విశ్లేషణ. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది ఉత్త అంకెల పుస్తకం.

ఇదే పద్ధతిని మీ మిల్లులో ఎలా పెట్టుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం. సొంత చిన్న మిల్లు ఉన్నవారికి, సంఘం తరఫున మిల్లు నడుపుతున్నవారికి, మిల్లు పెట్టాలనుకుంటున్నవారికి ఇది ఉపయోగపడుతుంది. మిల్లు లేకుండా ధాన్యం మాత్రమే అమ్ముకునే రైతులకు కావలసిన లెక్క చివర్లో విడిగా ఉంది.

ఎందుకు రాయాలి?

చాలా చిన్న మిల్లుల్లో రెండు లెక్కలే ఉంటాయి. ఎంత ధాన్యం వచ్చింది, ఎంత డబ్బు మిగిలింది. సీజను చివర డబ్బు తగ్గితే కరెంటు పెరిగిందనీ, ధాన్యం బాగాలేదనీ, ధర పడిపోయిందనీ తలా ఒక మాట అంటారు. అన్నీ కొంత నిజమే కావచ్చు. అయితే ఏది ఎంత అన్నది తెలియదు. తెలియనప్పుడు దేన్నీ సరిచేయలేం. సంఘం మిల్లయితే ఇంకో చిక్కు కూడా ఉంది. లెక్క తేలని నష్టం మెల్లగా మనుషుల మీద అనుమానంగా మారుతుంది. మిల్లు ఆగిపోక ముందే సంఘం చీలిపోతుంది.

పర్యావరణం సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. అనవసరంగా కాలిన కరెంటు, ఎక్కువ కాల్చిన ఊక, కాలవ గట్టున పోసిన బూడిద, డ్రెయిన్‌లోకి వదిలిన నానబెట్టిన నీళ్లు, నూకగా మారిన బియ్యం అన్నీ వృథాలే. వృథాను తగ్గిస్తే ఖర్చూ తగ్గుతుంది, ఊరికి ఇబ్బందీ తగ్గుతుంది. ఈ రెండింటికీ రెండు పుస్తకాలు అక్కర్లేదు.

మొదటి లెక్క: వచ్చింది ఎంత, వెళ్లింది ఎంత

మిల్లులోకి వెళ్లిన ధాన్యం బరువు, బయటకు వచ్చిన వాటన్నిటి బరువు సరిపోవాలి. నిలువు బియ్యం, నూక, తవుడు, ఊక, తాలు, మట్టి అన్నీ తూచండి. మామూలుగా ధాన్యంలో అయిదో వంతు ఊక ఉంటుంది. తవుడు సుమారు 8 శాతం. సర్కారుకు మర ఆడించి ఇచ్చే ధాన్యానికి క్వింటాకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు లెక్కకడుతూ వచ్చారు. మీ అంకెలను వీటి పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని అంకెలు, ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. మీ మిల్లు అంకెలు, మీ ఊరి ధరలు వేసుకుని చూడండి.

ఒకే రకం ధాన్యం 100 క్వింటాళ్ల చొప్పున రెండు లాట్లు ఆడించారనుకుందాం.

మొదటి లాటు: నిలువు బియ్యం 58, నూక 9, తవుడు 8, ఊక 21 క్వింటాళ్లు. తాలు, దుమ్ము, ఆవిరైన తేమ కలిపి 4.

రెండో లాటు: నిలువు బియ్యం 54, నూక 12, తవుడు 9, ఊక 21 క్వింటాళ్లు. మిగతాది 4.

మొత్తం బియ్యం మాత్రమే చూసే గుమాస్తా మొదటి దానికి 67, రెండో దానికి 66 అని రాస్తాడు. ఒక్క క్వింటా తేడాయే కదా అని వదిలేస్తారు. ఇప్పుడు డబ్బు లెక్క వేయండి. క్వింటా నిలువు బియ్యం రూ.3,500, నూక రూ.2,200, తవుడు రూ.1,800, ఊక రూ.300 అనుకుంటే మొదటి లాటుకు రూ.2,43,500 వస్తుంది. రెండో లాటుకు రూ.2,37,900. తేడా రూ.5,600. అంటే క్వింటా ధాన్యానికి రూ.56, మన 75 కిలోల బస్తాకు రూ.42. సీజనులో 5,000 క్వింటాళ్లు ఆడించే మిల్లులో ఈ తేడా రూ.2,80,000 అవుతుంది.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. రెండో లాటులో తగ్గిన 4 క్వింటాళ్ల నిలువు బియ్యంలో 3 నూకగా మారాయి, 1 తవుడులోకి పోయింది. నూక వల్ల నష్టం రూ.3,900. తవుడులోకి పోయినదాని వల్ల రూ.1,700. మొదటిది చాలావరకు ధాన్యం ఆరబోతకు సంబంధించిన సమస్య. రెండోది పాలిష్ ఎక్కువైన సమస్య. ఒకటి కళ్లంలో సరిచేయాలి, రెండోది మిషను దగ్గర. అన్నీ విడివిడిగా తూచకపోతే ఈ సంగతి బయటపడేది కాదు.

లాటు పుస్తకంలో ఏం రాయాలి?

రోజు మొత్తానికి ఒక అంకె సరిపోదు. ప్రతి లాటుకు ఒక వరుస రాయండి. నోటుపుస్తకమైనా, ఫోనులో ఎక్సెల్ షీటైనా ఫర్వాలేదు. గడులు ఇవి:

- తేదీ, సార్వా పంటా దాళ్వా పంటా
- రకం: స్వర్ణ ఎంటీయూ 7029, ఎంటీయూ 1121, ఎంటీయూ 1010 ఇలా పేరుతో
- ఎలా ఆరింది: బరకం మీద, రోడ్డు మీద, సిమెంటు కళ్లంలో, డ్రయ్యరులో
- కొన్నప్పుడు తేమ, మర ఆడించే రోజు తేమ
- ధాన్యం బరువు
- నిలువు బియ్యం, నూక, తవుడు, ఊక బరువులు
- కరెంటు మీటరు రీడింగు మొదట, చివర
- మిల్లు తిరిగిన గంటలు, ఆగిన నిమిషాలు, ఎందుకు ఆగింది
- రబ్బరు రోళ్లు మార్చారా, జల్లెడ మార్చారా
- మిషను దగ్గర ఉన్నవారి పేరు

చివరి గడి తప్పు పట్టడానికి కాదని మొదటి రోజే అందరికీ చెప్పండి. అంకె బాగాలేకపోతే జీతం కోస్తారన్న భయం ఉంటే, అంకెలన్నీ బాగానే రాసి పెడతారు. అలాంటి పుస్తకం లేకపోవడమే మేలు.

కొలిచే పనిముట్లు సరిగా ఉన్నాయా?

తప్పు కాటాతో వెయ్యిసార్లు తూచినా తప్పే వస్తుంది. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర గడువులో ఉండాలి. వారానికోసారి తెలిసిన బరువుతో సరిచూడండి. తేమ మీటరును నెలకోసారి కృషి విజ్ఞాన కేంద్రంలోనో, కొనుగోలు కేంద్రంలోనో ఉన్న మీటరుతో పోల్చండి. ఒకే నమూనాను రెండింటిలో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. నమూనా ఒక్క బస్తా నుంచి తీయకండి. కుప్ప పైన, మధ్య, అడుగున తీసి కలిపి చూడండి. ఎండలో నుంచి అప్పుడే తెచ్చిన వేడి ధాన్యానికి మీటరు సరైన అంకె చూపకపోవచ్చు. కాసేపు చల్లారనిచ్చి చూడాలి.

నూక ఎక్కువవడం: కారణం ఎలా పట్టుకోవాలి?

నూక శాతం తెలుసుకోవడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. బియ్యం వచ్చే చోట 100 గ్రాములు పట్టి, గింజలో ముప్పావు కంటే పొట్టిగా ఉన్న ముక్కలను ఏరి, నగల కాటా లాంటి చిన్న కాటా మీద తూచండి. ఎన్ని గ్రాములుంటే అంత శాతం. ప్రతి లాటుకు మూడుసార్లు చూసి సగటు రాయండి. నూక వేరుపడే జల్లెడకు ముందు పట్టాలి. తరువాత పడితే అంకె తక్కువ చూపిస్తుంది.

కనీసం 20 లాట్లు పూర్తయ్యాక పుస్తకం తీసి వాటిని గుంపులు చేయండి. మొదట మర ఆడించిన రోజు తేమను బట్టి విడగొట్టండి: 12 శాతం లోపు, 12 నుంచి 13, 13 నుంచి 14, 14 పైన. ఒక్కో గుంపు సగటు నూక ఎంతో చూడండి. మరీ ఎండిన ధాన్యం పెళుసుగా ఉండి విరుగుతుంది. పచ్చి ఉన్నది మెత్తగా ఉండి నలుగుతుంది. మామూలుగా 14 శాతం దగ్గర నిలువ బియ్యం బాగా వస్తుంది. మీ మిషనుకు సరిపడే తేమ ఎంతో మీ పుస్తకమే చెబుతుంది.

తరువాత ఆరబోతను బట్టి విడగొట్టండి. మధ్యాహ్నం మండుటెండలో రోడ్డు మీద పలుచగా పోసి, రాత్రి మంచుకు అలాగే వదిలేసిన ధాన్యంలో గింజ లోపల సన్నని పగుళ్లు పడతాయి. ఎండి ఉన్న గింజ మళ్లీ తేమ పీల్చుకోవడమే దీనికి ముఖ్య కారణం. పగులు పైకి కనిపించదు, రోళ్ల మధ్యకు వెళ్లాక విరుగుతుంది. దాళ్వా ధాన్యం ఏప్రిల్ ఎండల్లో కోతకొస్తుంది కాబట్టి దానిలో నూక ఎక్కువ. అందుకే సార్వా, దాళ్వా లాట్లను ఎప్పుడూ కలిపి సగటు తీయకూడదు.

ఆరబోత వల్లే నూక అని తేలితే చేయవలసిన పనులు తెలిసినవే. బరకం మీద రెండు మూడు అంగుళాల మందంలో పోయడం, గంటకోసారి తిరగతోడటం, నడిఎండలో కుప్ప చేసి కప్పడం, సాయంత్రం మంచు పడకముందే మూయడం. డ్రయ్యరు ఉంటే ఒక్కసారిగా ఎండబెట్టకుండా 18 శాతం దగ్గర ఆపి, కొన్ని గంటలు ఆగి, మళ్లీ 14కు తేవడం. ఈ పనులు చేసిన రైతుల లాట్లలో నూక ఎంత తగ్గిందో మీ పుస్తకంలోనే కనబడుతుంది. ఆ అంకె చూపించి, బాగా ఆరబెట్టి తెచ్చిన రైతుకు బస్తాకు కొంత ఎక్కువ ఇవ్వగలిగితే మరుసటి సీజనుకు ఊరంతా మారుతుంది. చెప్పిన మాట కంటే చేతికొచ్చిన డబ్బు త్వరగా నేర్పుతుంది.

తవుడులోకి, ఊకలోకి పోయే బియ్యం

తవుడు శాతం 8 నుంచి 9కి, 10కి పెరుగుతోందంటే పాలిష్ ఎక్కువవుతోందని అనుమానించాలి. తవుడు పిడికిట పట్టి చూస్తే బియ్యపు పిండి, సన్న నూక తగులుతుంది. పాలిషరు జల్లెడ చిరిగిందేమో, ఒత్తిడి బరువు ఎక్కువుందేమో చూడండి. కొనేవాడు తెల్లటి బియ్యం అడుగుతున్నాడు కాబట్టి పాలిష్ పెట్టక తప్పదంటారు. నిజమే. అయితే ఆ తెలుపుకు మీకు ఎంత ఖర్చవుతోందో తెలిస్తే, ధర మాట్లాడేటప్పుడు ఆ సంగతి అడగగలుగుతారు.

ఊక దగ్గర కూడా ఒక పరీక్ష చేయండి. ఊక పడే చోట ఒక కిలో పట్టి, చెరిగి, అందులో ఎన్ని గ్రాముల గింజలు, బియ్యం ముక్కలు ఉన్నాయో తూచండి. 10 గ్రాములు దొరికితే ఒక శాతం. వంద క్వింటాళ్ల ధాన్యానికి 21 క్వింటాళ్ల ఊక వస్తే అందులో 21 కిలోలు పోతున్నట్లు. 5,000 క్వింటాళ్ల సీజనుకు 10 క్వింటాళ్ల పైమాటే. గాలి ఎక్కువ పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. బ్లోయరు కవాటం కొద్దిగా మూసి, మళ్లీ కిలో పట్టి చూడండి. పైసా ఖర్చు లేని పని ఇది.

తవుడును నిల్వ ఉంచకండి. మర ఆడిన వెంటనే దానిలోని నూనె పాడవడం మొదలవుతుంది. ఆయిల్ మిల్లుకు ఆ రోజే, లేదా మరుసటి రోజే చేరితే మంచి ధర వస్తుంది. నూనె తీశాక మిగిలే తవుడు భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువులకు మేతగా వెళ్తుంది. మీ పుస్తకంలో తవుడు తయారైన తేదీ, లారీ ఎక్కిన తేదీ, వచ్చిన ధర పక్కపక్కన రాస్తే, ఆలస్యమైన ప్రతి రోజూ ఎంత కోతపడుతోందో నెలలోనే తెలుస్తుంది.

కరెంటు: యూనిట్లు క్వింటాతో భాగించాలి

ఈ నెల బిల్లు పెరిగిందంటే ఎక్కువ ఆడించారేమో. అందుకే మొత్తం బిల్లు కాదు, క్వింటాకు ఎన్ని యూనిట్లు అన్నదే చూడాలి. రోజూ ఉదయం మిల్లు మొదలెట్టే ముందు, సాయంత్రం ఆపాక మీటరు రీడింగు రాయండి.

ఒక రోజు 60 క్వింటాళ్లు ఆడిస్తే 240 యూనిట్లు అయ్యాయనుకుందాం. క్వింటాకు 4. ఇంకో రోజు 25 క్వింటాళ్లకు 150 యూనిట్లు. క్వింటాకు 6. మిషను అదే, మనుషులు వాళ్లే. మరి తేడా ఎందుకు? 35 క్వింటాళ్లు ఎక్కువ ఆడించినందుకు 90 యూనిట్లే ఎక్కువయ్యాయి. అంటే ధాన్యం ఆడించడానికి నిజంగా కావలసింది క్వింటాకు సుమారు 2.6 యూనిట్లు. ఆ లెక్కన 25 క్వింటాళ్లకు 64 యూనిట్లు చాలు. మిగిలిన 86 యూనిట్లు ధాన్యం ఉన్నా లేకున్నా రోజూ కాలుతున్నవి. ఖాళీగా తిరిగే ఎలివేటర్లు, బ్లోయరు, ధాన్యం కోసం ఎదురుచూస్తూ ఆపని మోటార్లే ఆ 86.

రెండు రోజుల లెక్కతో తొందరపడి నిర్ణయించకండి. ఒక నెల రోజుల అంకెలను గళ్ల కాగితం మీద చుక్కలుగా పెట్టండి. అడ్డంగా క్వింటాళ్లు, నిలువుగా యూనిట్లు. చుక్కల మధ్యగా స్కేలుతో గీత గీస్తే, ఆ గీత నిలువు గీతను తాకిన చోట ఉన్న అంకె మీ ఖాళీ ఖర్చు. గీతకు బాగా పైన ఉన్న చుక్కల తేదీలు చూసి, ఆ రోజు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. బెల్టు జారిందా, బేరింగు వేడెక్కిందా, తడి ధాన్యమా?

మందు సులువే. రోజుకు పాతిక క్వింటాళ్ల చొప్పున నాలుగు రోజులు ఆడించే బదులు, ధాన్యం పోగుచేసి రెండు రోజుల్లో ఆడించండి. పై ఉదాహరణలో నాలుగు రోజులకు 600 యూనిట్లు అయితే, రెండు రోజుల్లో సుమారు 430 చాలు. రైతులకు ముందే వారాలు చెప్పి పంచుకుంటే ఇది సాధ్యమే. నెల బిల్లు మీద పవర్ ఫ్యాక్టర్, గరిష్ఠ డిమాండ్ గడులు కూడా చూసి పుస్తకంలో రాయండి. పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంటే కెపాసిటర్లు పాడయ్యాయేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మోటార్లన్నీ ఒక్కసారిగా వేయకుండా ఒకదాని తరువాత ఒకటి వేయడం అలవాటు చేసుకోండి.

ఉప్పుడు బియ్యం మిల్లులకు: ఊక, నీళ్లు, బూడిద

తూర్పు గోదావరి వైపు బొండాలు రకం దొడ్డు గింజను ఉప్పుడు బియ్యంగా చేసి కేరళకు పంపడం పాత వ్యాపారం. ఉప్పుడు మిల్లుల్లో అదనంగా మూడు లెక్కలు రాయాలి.

ఒకటి, క్వింటాకు కాల్చిన ఊక. బాయిలరుకు వేసే ఊకను గంపల లెక్కన కాకుండా వారంలో ఒక రోజైనా తూచండి. మిగిలిన ఊక అమ్మితే డబ్బు, అందుకే కాల్చేది ఎంత తగ్గితే అంత లాభం. ఆవిరి గొట్టాలకు చుట్టిన గుడ్డ ఊడిపోయినా, తడి ఊక వేసినా ఈ అంకె పెరుగుతుంది.

రెండు, క్వింటాకు వాడిన నీళ్లు. బోరు గొట్టానికి చిన్న నీటి మీటరు పెట్టండి. చల్లని నీళ్లలో ఒకటి నుంచి మూడు రోజులు నానబెడితే నీరు పులిసి వాసన వస్తుంది, బియ్యానికీ ఆ వాసన పడుతుంది. 70 డిగ్రీల దగ్గర వేడి నీళ్లలో అయితే మూడు నాలుగు గంటల్లో పని అవుతుంది. నానబెట్టిన నీళ్లను శుద్ధి చేయకుండా పంట కాలవలోకీ, డ్రెయిన్‌లోకీ వదలకండి. అదే డ్రెయిన్ కింద చేపల చెరువులు, దాళ్వా చేలు ఉంటాయి.

మూడు, బూడిద. కాల్చిన ఊకలో సుమారు అయిదో వంతు బూడిదగా మిగులుతుంది. వంద క్వింటాళ్ల ఊక కాలిస్తే ఇరవై క్వింటాళ్ల బూడిద. ఏ రోజు ఎంత తయారైంది, ఎవరు తీసుకెళ్లారు అన్నది రాయండి. ఇటుక బట్టీల వారికీ, ఇతర అవసరాలకీ ఇవ్వగలిగినంత ఇచ్చి, మిగిలింది తడిపి గుంటలో వేయండి. ఎగిరే బూడిద మీద ఊళ్లో ఫిర్యాదు వస్తే, అప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం ఈ పుస్తకమే.

మీ మిల్లుకు మూడు హెచ్చరిక గీతలు

నెల రోజుల అంకెలు చేతికొచ్చాక మళ్లీ ధవళేశ్వరం పద్ధతికి వద్దాం. ప్రతి ముఖ్యమైన అంకెకు మీ సగటు ఎంతో, మామూలు రోజుల్లో ఎంత అటూ ఇటూ ఊగుతుందో చూడండి. ఉదాహరణకు నూక సగటు 13 శాతం ఉండి, చాలా లాట్లు 11 నుంచి 15 మధ్యే వస్తున్నాయనుకోండి. 12 అయినా 14 అయినా కంగారు పడక్కర్లేదు. అది మామూలు ఊగులాట. 15 దాటితే మొదటి హెచ్చరిక: తేమ మళ్లీ చూడాలి. 17 దాటితే రెండోది: మిల్లు ఆపి రోళ్ల సందు, పాలిషరు చూడాలి. 20 దాటితే మూడోది: ఆ లాటు పక్కన పెట్టి, ధాన్యం నమూనా చేత్తో వొలిచి పగుళ్లు చూడాలి. సర్కారు ఒప్పుకునే నూక శాతం ఆ సీజనుకు ఎంతో ముందే కనుక్కుని, మీ గీతలు దానికి లోపలే ఉండేలా పెట్టుకోండి.

ఈ గీతలను పెద్ద అక్షరాలతో మిల్లు గోడ మీద రాయండి. పక్కనే రోజూ చుక్క పెట్టే చార్టు తగిలించండి. ఆఫీసు బీరువాలో ఉన్న అంకె ఎవరికీ పనికిరాదు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

- ఒకేసారి నాలుగు మార్పులు చేయడం. రోళ్లు, జల్లెడ, రకం, మనిషి అన్నీ ఒకే రోజు మారితే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒకసారి ఒక్కటే మార్చి అయిదారు లాట్లు చూడండి.
- ఒక్క లాటు చూసి ఒక ఊరి ధాన్యం మంచిది కాదని ముద్ర వేయడం. ఆ ఊరి లాట్లు కనీసం అయిదు, ఒకే రకం, ఒకే తేమలో ఉన్నవి చూశాకే మాట్లాడండి.
- మిల్లు ఆగిన కారణం రాయకపోవడం. నెల చివర కారణాల వారీగా నిమిషాలు కూడితే, ఎక్కువ సమయం ఒకటి రెండు కారణాలకే పోతున్నట్లు తరచుగా తేలుతుంది. ముందు వాటినే సరిచేయండి.
- లెక్కలు లేకుండానే ఖరీదైన సెన్సార్లు, సాఫ్ట్‌వేర్ కొనడం. మూడు నెలలు చేత్తో రాశాక, ఏ అంకె ఎక్కువ డబ్బు కాపాడుతోందో దానికే ముందు మీటరు కొనండి. సార్టెక్స్ యంత్రం ఉన్నవారు అది తోసేసిన బియ్యం శాతాన్ని కూడా రాసుకోవాలి.

ధాన్యం అమ్ముకునే రైతులకు: తేమ కోత లెక్క

మిల్లు మీది కాకపోయినా ఒక లెక్క మీ చేతిలో ఉండాలి. ప్రభుత్వ కొనుగోలులో తేమ పరిమితి 17 శాతం. అంతకంటే ఎక్కువ తేమతో ధాన్యం ఇస్తే ఎంత తరుగు న్యాయమో మీరే కట్టవచ్చు.

సూత్రం ఇది: ధాన్యం బరువును, వందలోంచి ఇప్పటి తేమ తీసేయగా వచ్చినదానితో గుణించి, వందలోంచి 17 తీసేయగా వచ్చిన 83తో భాగించాలి.

75 కిలోల బస్తాలో 22 శాతం తేమ ఉంటే: 75 ఇంటూ 78, భాగించు 83. సుమారు 70.5 కిలోలు. అంటే తరుగు నాలుగున్నర కిలోలు. 20 శాతం తేమ అయితే సుమారు 72.3 కిలోలు, తరుగు 2.7 కిలోలు. ఇంతకంటే ఎక్కువ తీస్తుంటే అది తేమ తరుగు కాదు. దేని కోసమో అడిగి తెలుసుకోండి. తేమ అంకె, కాటా చీటీ ఫోనులో ఫొటో తీసి ఉంచండి. అదే ధాన్యం నుంచి రెండు కిలోలు విడిగా సంచిలో పోసి, తేదీ రాసి, వారం పాటు దాచండి. మాట తేడా వస్తే అక్కరకొస్తుంది.

2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు సాధారణ రకం రూ.2,369, ఏ గ్రేడు రూ.2,389. ఈ ధరకు బస్తాకు ఒక కిలో అదనంగా పోతే మీకు సుమారు రూ.24 పోయినట్లు. వంద బస్తాలకు రూ.2,400.

ఎక్కడ సహాయం దొరుకుతుంది?

రకాల గురించి, ఏ రకంలో నిలువు బియ్యం బాగా వస్తుందో తెలుసుకోవడానికి మార్టేరులోని వరి పరిశోధన స్థానాన్ని అడగండి. స్వర్ణతో మొదలుపెట్టి మన చేలల్లో ఉన్న ఎంటీయూ రకాలన్నీ అక్కడివే. ఆరబోత, మిల్లింగు, నిల్వ విషయాల్లో బాపట్లలోని కోత అనంతర సాంకేతిక కేంద్రం సలహా ఇస్తుంది. దగ్గరలో ఉండి, కలవచర్ల కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి.

డ్రయ్యరు, కొత్త పాలిషరు కొనాలనుకుంటే 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో వ్యక్తిగత యూనిట్లకు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు రుణంతో ముడిపడిన సబ్సిడీ పెట్టారు. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద రూ.2 కోట్ల వరకు రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ పెట్టారు. దరఖాస్తు చేసే ముందు పథకం ప్రస్తుతం నడుస్తోందో లేదో, తాజా నిబంధనలు ఏమిటో రైతు సేవా కేంద్రంలోనో, బ్యాంకులోనో కనుక్కోండి. మీ లాటు పుస్తకం ఇక్కడా పనికొస్తుంది. నూక వల్ల సీజనుకు ఎంత పోతోందో, డ్రయ్యరు వస్తే ఎంత మిగులుతుందో అంకెలతో చూపే సంఘానికి బ్యాంకులో మాట విలువ వేరుగా ఉంటుంది.

ఈ వారమే మొదలుపెట్టండి

1. పది గడుల పుస్తకం ఒకటి గీయండి. రాసే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి.
2. కాటా, తేమ మీటరు సరిచూడండి.
3. ఉదయం, సాయంత్రం కరెంటు రీడింగు రాయండి.
4. ప్రతి లాటులో నూక పరీక్ష, వారానికోసారి ఊక పరీక్ష చేయండి.
5. ప్రతి శనివారం అరగంట కూర్చుని వారం అంకెలు అందరి ముందు చదవండి.
6. నెల తరువాత హెచ్చరిక గీతలు గోడ మీద రాయండి.
7. ఒక్క సమస్య ఎంచుకుని, ఒక్క మార్పు చేసి, అంకె మారిందో లేదో చూడండి.

సార్వా కోతలకు ముందే ఈ పుస్తకం సిద్ధం చేసుకుంటే, దాళ్వా ధాన్యం మిల్లుకు వచ్చే నాటికి మీ మిల్లుకు సంబంధించిన సొంత అంకెలు మీ దగ్గర ఉంటాయి. అప్పుడు నష్టం ఎక్కడ వస్తోందన్న ప్రశ్నకు మనుషుల ముఖాలు చూడనక్కర్లేదు, పుస్తకం చూస్తే చాలు.